దేవేంద్రనాథ మహర్షియు కొండపూవులును

పూవును జూచి సంతసింపనివా రరుదు. ఆ సంతసమున కాధారమైన దాతను దలచి శిరసు వంచువారు మరింత యరుదు. అట్టివారిలో నొకరగు దేవేంద్రనాథ ఠాకూరుగారి జీవితమునుండి కొన్ని ఘట్టములను మే మిచట దెలుపుచున్నాము.

వీరు 1817 మే 15వ తేదీని కలకత్తాలో ద్వారకానాథ ఠాకూరుగారి జ్యేష్ఠపుత్రులై జన్మించి, ఐశ్వర్యమున బెరిగిరి. పితామహి గంగాతీరమున నవసానదశలో నుండగా, నొక వెన్నెలరాత్రి చాపపై గూర్చున్న యీ యువకుని హృదయమున నపూర్వమగు నానందము నిండెను. నాటినుండి సంపదలపై విరక్తి గలిగెను. 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించిరి. 1843 డిసెంబరు 21వ తేదీని బ్రాహ్మధర్మదీక్షను గైకొనిరి.

ఆ విరక్తికి త్వరలోనే పరీక్ష వచ్చెను. 1846లో తండ్రిగారు లండనులో గతించిరి. కొలదికాలమునకే కుటుంబపు వర్తకసంస్థ కూలిపోయెను. ఋణదాతలకు జిక్కకుండ తండ్రిగారు ట్రస్టుగా నేర్పరచిన యాస్తి కొంత గలదు. న్యాయవాదవృత్తిలో నున్న మేము, చట్ట మొసగిన యట్టి రక్షణమును దమంతట వదలుకొనువారిని చూచుట మిక్కిలి యరుదు. వీరు దానిని సైతము ఋణదాతల ముందుంచిరి. వారి హృదయములు కరగినవి. కాలక్రమమున బాకీలన్నియు దీరెను.

1856లో వీరు ఏకాంతము గోరి యిల్లు వెడలి, కాశి, ఆగ్రా, ఢిల్లీ, అమృతసరముల మీదుగా 1857లో సిమ్లా జేరిరి. సిపాయిల తిరుగుబాటువలన నా పట్టణము కల్లోలపడెను. తరువాత వీరు మరింత లోపలి కొండలకు బయలుదేరిరి. అడవిదారిలో తోడివా డొకడు విరియబూచిన తీగ నొకదానిని ద్రుంచి వీరి చేతి కిచ్చెను. చిన్నచిన్న తెల్లని పూవులు! చూచువారు గాని వాసన గ్రహించువారు గాని లేని యా వనమున, వాని కింత యందమును పరిమళమును గూర్చిన విశ్వజనని హస్తము వీరికి గోచరించెను. అల్పములగు పూవులపైనే యింత కరుణ యున్నచో, మనుష్యులపై నెంత యుండునో యని హృదయము పొంగెను. ఆ దినమంతయు దమకు బ్రియమగు హాఫిజు కవి గీతములను బాడుచు నడచిరి.

ఇది సుకుమారహృదయుని భావావేశము మాత్రమే యని కొందరు తలపవచ్చును. తరువాతి కథ వినుడు. ఆ కొండలలోనే నిలిచిపోవలెనని వీరి కోరిక. కాని యొకనాడు, నిర్మలమగు పర్వతనది పల్లమునకు దిగి, తాను మలినమైనను పొలములను బండించుటను దలపోయగా, తామును దిగిపోయి లోకసేవ చేయవలెనను నాజ్ఞ యంతరంగమున వినవచ్చెను. 1858 నవంబరులో కలకత్తా జేరి, సమాజకార్యమున మరల నిమగ్నులైరి. 1863లో బోలుపూరు సమీపమున, ఏడాకులపొన్న చెట్లుగల బీడునేలను గైకొని శాంతినికేతనమునకు బునాది వేసిరి. 1888లో దానిని నిరాకారేశ్వరుని యుపాసనకై ట్రస్టుగా నొసగిరి. 1905 జనవరి 19వ తేదీని పరమపదించిరి.

చదువరులారా! తండ్రి చేసిన యప్పును దీర్చుటకు జట్టము విడిచిన యాస్తిని సైతము సమర్పించినవారే, పూవు నిచ్చిన దాతకు దాము ఋణపడితిమని యెరిగి జీవితమంతయు జెల్లించిరి. మన పెరటిలోను ప్రతి యుదయమున పూవులు విరియుచున్నవి. పత్రము లేని యా ఋణమును మనమేమి చేసి తీర్చుచున్నామో యెవరికివారు విచారించుకొందుముగాక.