దోమకొక అణా: సర్ రొనాల్డ్ రాస్ జీవితరేఖలు

మా శ్రీనగర్ కాలనీలో శ్రావణమాసపు వానలు వెలిసిన కొద్ది దినాలకే దోమలు విజృంభిస్తవి. మేడమీది పూలకుండీల క్రింది పళ్ళేలలోను, మూత సరిగా పడని నీళ్ళతొట్లలోను, సగంలో ఆగిన కట్టడాల పునాదిగుంటలలోను నిలిచిన నీరే వాటికి పుట్టినిల్లు. సందెవేళ కిటికీలు మూసుకుంటూ ఉన్నప్పుడెల్లా, ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరాన బేగంపేటలో, ఆగస్టు ఉక్కలో సూక్ష్మదర్శినిపై వంగి కూర్చున్న ఒక సైనిక వైద్యుడు నాకు జ్ఞాపకం వస్తారు. ఆయనే రొనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాస్ జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట చదువుకొరకు ఇంగ్లండుకు పంపబడ్డారు. ఆయన మనస్సు కవిత్వం మీదను, చిత్రలేఖనం మీదను, సంగీతం మీదను ఉండేది. వైద్యవృత్తి తండ్రి కోరిక. లండనులోని సెయింట్ బర్తలోమ్యూ ఆసుపత్రిలో చేరి, ఒక పరీక్ష నెగ్గి, మరొకటి తప్పి, కొంతకాలం ఓడవైద్యుడుగా అట్లాంటిక్ సముద్రంపై తిరిగి, చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. ఇష్టంలేని వృత్తిలో ఇంతటి కీర్తి గడించినవారు చరిత్రలో అరుదు.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు - పటాలము వెంట ఆయన తిరగని చోటు లేదు. ఈ కాలంలో వైద్యంకంటె నవలలకు, గణితానికి ఎక్కువ ప్రొద్దు వినియోగించారని చెప్పడం అన్యాయం కాదు. అయితే 1883లో బెంగుళూరులో జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన భవిష్యత్తును ముందే సూచించింది. తన బంగళాలో దోమల బాధ మిక్కుటంగా ఉండగా, కిటికీ వెలుపలి నీళ్ళతొట్టిలో వాటి పిల్లపురుగులు కదలాడడం ఆయన కంట పడింది. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గినవి. భోజనశాల వద్ద ఉన్న తొట్లను కూడ అట్లే చేయవచ్చునని పై అధికారికి విన్నవించుకుంటే ఆయన పట్టించుకోలేదు. రాస్ శేషజీవితమంతా ఈ సంభాషణకు పెద్దయెత్తు పునరావృత్తియే అనిపిస్తుంది.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్యశాస్త్రంలో డిప్లొమా పొందారు. ఆనాటికి మలేరియా అనగా చెడ్డగాలి అనే అర్థమే లోకంలో ప్రబలంగా ఉన్నది. బురదనేలల ఆవిరి వలన చలిజ్వరం పుట్టునని వైద్యులే నమ్మేవారు. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నారు. దానిని నమ్మనివారు అనేకులు. మన హైదరాబాదులోనే, క్లోరోఫారం పరిశోధనలతో ప్రసిద్ధుడైన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ కూడ వారిలో ఒకరు. రాస్ సైతం మొదట అవిశ్వాసియే. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆయనచేత ఆ జీవిని కన్నులారా చూపించారు. దోమ దీనికి వాహకం కావచ్చునన్న ఊహను కూడ చెవిలో వేశారు.

1895లో రాస్ సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతిదళంలో చేరి పని ప్రారంభించారు. మాన్సన్ ఊహలో సగం మాత్రమే సత్యం. దోమ నీటిలో పడి చావగా, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వచ్చునని ఆయన భావించారు. దానిని పరీక్షించడానికి లక్ష్మణ్ అనే యువకునిచేత దోమల నీరు త్రాగించారు. ఈనాటి వైద్యధర్మం దీనిని అంగీకరించదు. రాస్‌ను గౌరవించేవారు కూడ ఈ విషయం దాచవలసిన పని లేదు. మరి రెండేండ్ల శ్రమ వృథా కావడానికి వేరొక కారణం కలదు. ఆయనకు సులభంగా దొరికినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఎన్ని కోసి చూచినా వాటిలో మలేరియా క్రిమి లేదు. ఆయనను ఏమార్చిన ఆ చారల దోమ జాతియే నేడు మన పూలకుండీల పళ్ళేలలో పెరిగి డెంగ్యూను పంచిపెట్టుతున్నది.

1897లో ఉదకమండలం ప్రాంతపు కనుమలలో తిరిగి, తానే జ్వరపడి లేచి, మరల సికిందరాబాదు చేరారు. ఆ వేసవి కష్టం వర్ణనాతీతం. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. కంటివద్ద అద్దం పగిలింది. పంకా లాగించుకొందామంటే కోసిన దోమ ఎగిరిపోవును. ఆగస్టులో ఆయనకు చుక్కల రెక్కల దోమలు కొన్ని దొరికినవి. హుసేన్ ఖాన్ అనే రోగి ఆగస్టు 16న వాటిచేత కుట్టించుకొన్నాడు. కూలి దోమకు ఒక అణా. పది దోమలకు పదణాలు! ఆ దోమలలో కొన్ని చచ్చినవి, కొన్ని కోతలో ఫలితమీయలేదు. 20వ తేదీకి మిగిలినవి అతి స్వల్పం. ఆనాడు ఒక దోమ జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు, వాటి నడుమ మలేరియా క్రిమికి గుర్తయిన నల్లని రేణువులు కనిపించినవి. మరునాడు కోసిన దోమలో అవి మరికొంత పెరిగి ఉన్నవి. అనగా క్రిమి దోమ కడుపులో బ్రతికి పెరుగుచున్నదన్నమాట. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లని మనవారు పరిహసిస్తారు. ఈయన దోమను త్రవ్వి కొండను పట్టారు.

ఇంత చేసిన వానికి దొరకిన బహుమానం బదిలీ. సెప్టెంబరు చివర, మలేరియా అరుదైన రాజపుటానాలోని ఖేర్వారాకు పొమ్మన్నారు. మాన్సన్ పట్టుదల వలన 1898లో కలకత్తాకు పంపబడి, అక్కడ మహమ్మద్ బక్ష్ అనే సహాయకునితో పక్షుల మలేరియాపై పరిశోధించారు. ఆ జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరడం, కుట్టినప్పుడు ఆరోగ్యవంతమైన పక్షికి సంక్రమించడం ఋజువైనవి. మనుష్యులలో అనాఫిలిస్ దోమ పాత్రను ఇటలీలో గ్రాస్సీ బృందం అదే ఏడాది చివర నిరూపించింది. ఈ కీర్తి ఎవరిదన్న వివాదంలో రాస్ చూపిన పరుషత్వం ఆయనకు శోభ నీయలేదు. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. భారతభూమిలో జన్మించినవారిలో దానిని మొదట పొందినవారు ఆయనే. ఆ తరువాతను కలహం చల్లారలేదు.

1899లో సైనికోద్యోగం విడిచి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో చేరిన నాటినుండి ఆయన జీవితంలో నిజమైన యుద్ధం ఆరంభమైనది. రహస్యం బయటపడినది, ఇక దానిని అమలుపరచవలసినది ప్రభుత్వాలు. సియెర్రా లియోన్‌లో దోమల దళాలను ఏర్పరచి, పగిలిన కుండలు, డబ్బాలు ఏరించి, గుంటలు పూడ్పించారు. సూయెజ్ కాలువ కంపెనీ ఆహ్వానంపై 1902లో ఇస్మాయిలియాకు వెళ్ళి సలహా ఇచ్చారు. అంతకుముందు ఏటా 2,000 దాకా ఉన్న జ్వరపీడితులు అక్కడ 1903లో 200 ప్రాంతానికి దిగిపోయినారు. కాని మన దేశంలో, లాహోరు వద్ద మియాన్ మీర్ శిబిరంలో జరిపిన ప్రయత్నం విఫలమైనదని ప్రకటించి అధికారులు చేతులు దులుపుకొన్నారు. అది మందకొడిగా, చిన్నగా జరిగిన పని అని రాస్ మండిపడ్డారు. దోమలన్నిటిని చంపనక్కరలేదని, వాటి సంఖ్య ఒక హద్దుకు తగ్గితే వ్యాధి దానంతట అదే అంతరించునని గణితంతో నిరూపించి, 1910 నాటి తన మలేరియా నివారణ గ్రంథంలో వివరించారు. పటాలములో అక్కరకు రాదనుకొన్న గణితం ఇక్కడ ఫలించింది. నేటి అంటువ్యాధుల గణితశాస్త్రానికి ఆయన ఆద్యులలో ఒకరు.

మొదటి ప్రపంచయుద్ధంలో మరల సైనిక దుస్తులు ధరించి, 1917లో యుద్ధశాఖకు మలేరియా సలహాదారుగా పనిచేశారు. 1926లో లండనులో ఆయన పేర రాస్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. తన పరిశోధనలకు ప్రభుత్వం ధనరూపమైన ప్రతిఫలం ఈయలేదన్న కొరత మాత్రం తీరలేదు. 1928లో తన కాగితాలను 2,000 పౌన్లకు అమ్ముకొన్నారు. సర్ బిరుదు ఎప్పుడో 1911లోనే వచ్చింది గాని, బిరుదులు ఇంటి ఖర్చులు భరించవు కదా!

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరాన్నజీవశాస్త్ర సంస్థగా ఆయన పేరు ధరించింది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి కూడ ఆయన పేరే. అయినా అక్కడికి పోవువారిలో నూటికి తొంబదిమంది దానిని ఫీవరాసుపత్రి అనే అంటారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించడం ఆయన కనుగొన్నదానికి గుర్తుగానే.

1931లో భార్య రోజా మరణించారు. మరుసటి ఏడు 1932 సెప్టెంబరు 16న, తన పేర వెలసిన సంస్థలోనే రాస్ కన్నుమూశారు. పుట్నీ వేల్ శ్మశానంలో ఆమె ప్రక్కనే ఆయనను ఖననం చేశారు.