గరగర లేని గొంతు: మేజర్ ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం

ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే తమ్ముళ్ళందరికీ 1969లో చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తుకొస్తారు. మేము చెప్పబోయేది ఆయన గురించి కాదు. ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే మరో అమెరికన్ గురించి. రేడియో చరిత్ర తెలిసినవారు ఈయన పేరును మార్కోని పక్కనే చెప్తారు. మన డిగ్రీ పుస్తకాల్లో ఆయన కనిపెట్టిన సర్క్యూట్లు ఉంటాయి గానీ ఆయన కథ ఉండదు. ఎం.ఎస్సీ.లో ఆ సర్క్యూట్లు చదివాక, వాటి వెనుక ఉన్న మనిషి ఎవరా అని వెతుక్కుంటూ వెళ్తే మాకు ఈ జీవితం దొరికింది.

హాస్టళ్ళలో చదువుకుని పోలీసు కమ్యూనికేషన్స్ విభాగంలో కానిస్టేబుల్, ఎస్.ఐ. పోస్టులకు పరీక్షలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. వారికి ఈ కథ మరీ దగ్గరిది. రేపు కంట్రోల్ రూములో డ్యూటీ పడితే వారు కూర్చోబోయే బల్లను డిస్పాచ్ కన్సోల్ అంటారు. ముందు ఆ బల్ల ఏం పని చేస్తుందో చెప్పి, తర్వాత మనిషి దగ్గరకు వస్తాము.

గుట్ట మీదనో, ఎత్తయిన భవనం మీదనో రేడియో స్టేషన్లు ఉంటాయి. వాటన్నిటినీ కంట్రోల్ రూములో ఒక్క చోట కూర్చుని నడిపే సాధనమే కన్సోల్. ఆపరేటరు ముందున్న తెర మీద ఒక్కో ఛానెల్‌కు ఒక్కో గడి ఉంటుంది. తాను ఎంచుకున్న ఛానెల్ చెవిలోని హెడ్‌ఫోనులో వినపడుతుంది. మిగతావి పక్కనున్న స్పీకరులో తక్కువ శబ్దంతో వస్తూనే ఉంటాయి, ఏదీ పూర్తిగా తప్పిపోదు. చేతులు రాతపనిలో ఉంటే కాలితో తొక్కే పెడల్ నొక్కి మాట్లాడవచ్చు. ఒకే మాటను చాలా ఛానెళ్ళలో ఒకేసారి చెప్పవచ్చు. పోలీసుల ఛానెల్‌ను, అగ్నిమాపక దళం ఛానెల్‌ను తాత్కాలికంగా కలిపి, ఇద్దరూ నేరుగా మాట్లాడుకునేలా చేయవచ్చు. దీన్ని ప్యాచ్ అంటారు. ఆపదలో ఉన్న కానిస్టేబుల్ తన సెట్టు మీది ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఆ సెట్టు నంబరు తెర మీద కనిపించి అలారం మోగుతుంది. ఇప్పుడే విన్న మాట సరిగా అర్థం కాకపోతే చివరి సంభాషణను వెంటనే మళ్ళీ వినవచ్చు. అన్ని కన్సోళ్ళలో అన్నీ ఉండకపోవచ్చు గానీ మంచి కన్సోల్ అంటే ఇవన్నీ చేసేదే.

ఇన్ని సౌకర్యాలున్నా అసలు ప్రశ్న ఒకటే. కదిలే జీపులోంచి మాట్లాడే మనిషి గొంతు స్పష్టంగా వినపడుతుందా? ఇంటి నంబరు ఆరో, తొమ్మిదో తెలియకపోతే ఎంత ఖరీదైన కన్సోల్ అయినా దండగే.

తొలినాటి పోలీసు రేడియోలు ఈ పరీక్షలో ఫెయిలయ్యేవి. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు పెట్టారు. అయితే అది వినడానికి మాత్రమే. కారులోంచి బదులు చెప్పే వీలు లేదు. పైగా అది కంపన పరిమితిని మార్చే పద్ధతి, అంటే ఎ.ఎం. ఉరుము ఉరిమినా, ఇంజనులో స్పార్కు పడినా తరంగం కంపన పరిమితి మారిపోతుంది. రిసీవరు దాన్ని కూడా మాటే అనుకుని గరగరమని వినిపిస్తుంది. కారు వంతెన కిందికి వెళ్తే గొంతు సన్నబడుతుంది. ఈ గరగరను పోగొట్టాలని ఆర్మ్‌స్ట్రాంగ్ తన జీవితంలో సగం ఖర్చు పెట్టారు.

ఆయన 1890 డిసెంబరు 18న న్యూయార్క్‌లో జన్మించారు. తండ్రి ఒక పెద్ద పుస్తక ప్రచురణ సంస్థలో ఉద్యోగి, తల్లి బడిపంతులమ్మ. అంటే మనలాగా మొదటి తరం చదువు కాదు, తిండికి లోటున్న ఇల్లూ కాదు. ఆయన్ని పేదవాడిగా చూపించి కన్నీళ్ళు తెప్పించాలనే ఉద్దేశం మాకు లేదు. ఆయన కష్టాలు వేరు. ఎనిమిదేళ్ళ వయసులో నరాలకు సంబంధించిన జబ్బు చేసి దాదాపు రెండేళ్ళు బడి మానేసి ఇంట్లోనే చదువుకోవాల్సి వచ్చింది. జబ్బు తగ్గినా మెడ, భుజం అప్పుడప్పుడు వాటంతట అవే అదిరే అలవాటు జీవితాంతం పోలేదు. దాంతో ఒంటరిగా ఉండడం అలవాటైంది. యాంకర్స్ ఊళ్ళోని ఇంటి అటక మీద వైర్‌లెస్ సామాను పోగేసి, పెరట్లో 125 అడుగుల ఎత్తు స్తంభం తానే నిలబెట్టి, దూరప్రాంతాల సంకేతాల కోసం రాత్రుళ్ళు కాచుకునేవారు.

1909లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో చేరారు. రోజూ మోటారు సైకిల్ మీద కాలేజీకి వెళ్ళి వచ్చేవారు. 1912లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, మొదటి పెద్ద ఆవిష్కరణ చేశారు. అప్పటికే లీ డి ఫారెస్ట్ అనే ఆయన మూడు ఎలక్ట్రోడ్ల వాల్వును తయారుచేశారు గానీ అది ఎలా పనిచేస్తుందో ఆయనకే సరిగ్గా తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని ఓపికగా కొలిచి అర్థం చేసుకుని, నిర్గమంలోంచి కొంత భాగాన్ని తిరిగి నివేశానికి పంపారు. మనం పునర్నివేశం అని చదువుకునేది ఇదే. బలహీనమైన సంకేతం ఎన్నో రెట్లు పెరిగింది. వెంటనే పేటెంటు తీసుకుందామంటే తండ్రి ముందు డిగ్రీ పూర్తిచేయమని, డబ్బు ఇవ్వనన్నారు. సర్క్యూటు బొమ్మ గీసి 1913 జనవరిలో నోటరీ చేయించి ఊరుకున్నారు. పేటెంటు దరఖాస్తు అక్టోబరులో గానీ పడలేదు. తర్వాత డి ఫారెస్ట్ ఈ ఆవిష్కరణ తనదేనన్నారు. ఆ వివాదం ఇరవై ఏళ్ళు నడిచింది. 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తుది తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తులకు సర్క్యూటు అర్థం కాలేదని ఇంజనీర్లు చాలామంది భావించారు. అదే ఏడాది ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియో ఇంజనీర్ల సంస్థ సభకు వెళ్ళి, ఈ ఆవిష్కరణకే 1917లో తనకు ఇచ్చిన పతకాన్ని వాపసు ఇవ్వబోయారు. సంస్థ తీసుకోలేదు. అది నీదేనని తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. కోర్టు ఇవ్వనిది తోటి పనివాళ్ళు ఇచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం సిగ్నల్ విభాగంలో పారిస్‌లో పనిచేస్తూ 1918లో సూపర్‌హెటరోడైన్ రిసీవరును రూపొందించారు. పరీక్షల్లో ఇది తప్పకుండా వస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడ వివరించడం లేదు. ఇంట్లోని ట్రాన్సిస్టరు నుంచి పోలీసు వైర్‌లెస్ సెట్టు దాకా దశాబ్దాలుగా ఈ సూత్రం మీదే నడిచాయని గుర్తుంచుకుంటే చాలు. ఈ పేటెంట్లు అమ్మగా లక్షల డాలర్లు వచ్చాయి. ఆర్.సి.ఎ. అనే పెద్ద రేడియో కంపెనీలో ఆయన ఎక్కువ వాటాలున్న వ్యక్తి అయ్యారు. ఆ కంపెనీని నడిపిన డేవిడ్ సర్నాఫ్ ఆయనకు ప్రాణమిత్రుడు. 1923లో సర్నాఫ్ కార్యదర్శి మేరియన్‌ను పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళి కానుకగా చేత్తో మోసుకెళ్ళే రేడియోను స్వయంగా తయారుచేసి ఇచ్చారు.

ఇక అసలు పని. కంపన పరిమితిని కదపకుండా పౌనఃపున్యాన్ని మార్చి మాటను పంపితే ఎలా ఉంటుంది అనే ఆలోచన కొత్తది కాదు. 1922లో జాన్ కార్సన్ అనే గొప్ప గణితవేత్త లెక్కలు వేసి దానివల్ల లాభం లేదని తేల్చారు. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే అందరూ తక్కువ వెడల్పు ఛానెల్‌లో ఎఫ్.ఎం.ను ఇరికించాలని చూశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి ఎదురు వెళ్ళి వెడల్పు పెంచారు. రిసీవరులో లిమిటరు పెట్టి కంపన పరిమితిలో వచ్చే మార్పులన్నీ కత్తిరించారు. ఉరుము, స్పార్కు తెచ్చే గరగర అంతా ఆ కత్తిరింపులో పోయింది. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి. 1934లో ఎంపైర్ స్టేట్ భవనం మీద నుంచి పరీక్షించి, దాదాపు 80 మైళ్ళ దూరంలో స్పష్టంగా విన్నారు. 1935 నవంబరు 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభలో వినిపించారు. యాంకర్స్‌లోని మిత్రుడి ఇంటి నుంచి ప్రసారం. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు ఉన్నదున్నట్టు వినిపించాయి. ఆనాటి రేడియోలో అవి గుర్తుపట్టడం కూడా కష్టమే.

కానీ ఆర్.సి.ఎ. దృష్టి టెలివిజన్ మీదకు పోయింది. 1935లో ఎంపైర్ స్టేట్ భవనం మీది ఆయన పరికరాలు తీసేయమన్నారు. ఆయన తన వాటాలు అమ్ముకుని న్యూజెర్సీలోని ఆల్పైన్ దగ్గర నాలుగు వందల అడుగులకు పైగా ఎత్తున్న టవరు కట్టించి సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు.

దీన్ని పోలీసు జీపులోకి తెచ్చినవారు డేనియల్ నోబుల్ అనే అధ్యాపకుడు. 1940లో కనెటికట్ రాష్ట్ర పోలీసులకు రాష్ట్రమంతటా రెండువైపులా మాట్లాడే ఎఫ్.ఎం. వ్యవస్థను ఆయన రూపొందించారు. కారులోంచి బదులు వచ్చింది, ఇంజను చప్పుడు పోయింది. సంకేతం లేనప్పుడు స్పీకరును మూసి ఉంచే స్క్వెల్చ్ కూడా తోడై, ఆపరేటరు రోజంతా బుస్సుమనే శబ్దం వినే బాధ తప్పింది. ఒకే ఛానెల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సంకేతం మాత్రమే వినపడి రెండోది అణగిపోవడం కూడా ఎఫ్.ఎం. గుణమే. అందుకే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని ఆపరేటర్లకు నేర్పుతారు. విమానాలకు మాత్రం నేటికీ ఎ.ఎం.నే వాడుతున్నారు, రెండో పైలట్ పిలుపు కూడా ఎంతోకొంత చెవిన పడాలని. పోలీసు సెట్లలో వాడే ఎఫ్.ఎం. మనం పాటలు వినే ఎఫ్.ఎం. కంటే బాగా సన్నది. పాటల స్టేషన్లో పౌనఃపున్యం ఇటూ అటూ 75 కిలోహెర్ట్జ్ ఊగితే, వైర్‌లెస్ సెట్లో 5 లేదా అంతకంటే తక్కువ. తర్వాత డిజిటల్ సెట్లు వచ్చాయి గానీ వాటిలో కొన్ని ఇప్పటికీ పౌనఃపున్యాన్నే మార్చి అంకెలు పంపుతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ట్యాంకుల్లోనూ, సైనికుల వీపు మీది వాకీటాకీల్లోనూ ఎఫ్.ఎం. వాడింది. ఆ వాకీటాకీని మోటరోలా కంపెనీలో చేరిన నోబుల్ బృందమే తయారుచేసింది. యుద్ధకాలమంతా ఆర్మ్‌స్ట్రాంగ్ తన పేటెంట్లకు సైన్యం నుంచి రాయల్టీ తీసుకోలేదు. 1946లో అమెరికా సైన్యం చంద్రుణ్ణి తాకించి తిరిగి అందుకున్న రాడార్ సంకేతం వెనుక కూడా ఆయన చేయి ఉంది. అలా ఈ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కూడా చంద్రుడితో సంబంధం ఉంది!

యుద్ధం అయ్యాక కథ తిరగబడింది. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. ప్రసారాలను పాత బ్యాండు నుంచి 88–108 మెగాహెర్ట్జ్‌కు మార్చింది. అప్పటికి జనం కొన్న లక్షల సెట్లు పనికిరాకుండా పోయాయి. ఆర్.సి.ఎ. టీవీల్లో శబ్దానికి ఎఫ్.ఎం. వాడుతూ రాయల్టీ ఇవ్వలేదు. అంతకుముందు 1940లో ఒక్కసారిగా పది లక్షల డాలర్లు ఇస్తామంటే ఆయనే వద్దన్నారు. చిన్న కంపెనీలు అమ్మే ప్రతి సెట్టుకూ రాయల్టీ కడుతుంటే పెద్ద కంపెనీకి వేరే న్యాయం ఎందుకని ఆయన వాదన. ఆ డబ్బు తీసుకుని ఉంటే ప్రశాంతంగా బతికేవారని మా రూములో కొందరన్నారు. తీసుకుంటే కట్టినవాళ్ళను మోసం చేసినట్టేనని మిగతావాళ్ళం అన్నాము. రాత్రి లైట్లు ఆర్పాక కూడా తెగలేదు.

1948లో ఆయన ఆర్.సి.ఎ. మీద దావా వేశారు. ఆయన్నే నెలల తరబడి ప్రశ్నించారు. కంపెనీ దగ్గర వకీళ్ళకు, డబ్బుకు కొదవ లేదు. కేసు సాగుతుండగానే 1950 డిసెంబరులో ఎఫ్.ఎం. పేటెంట్ల గడువు తీరిపోయింది. 1953 చివరికి చేతిలో డబ్బు అయిపోయింది. ఆ నవంబరులో డబ్బు విషయమై జరిగిన గొడవలో భార్య మీద చేయి చేసుకున్నారు. ఆమె తన సోదరి ఇంటికి వెళ్ళిపోయారు. గొప్పవాడి కథ కదా అని దీన్ని దాచడం మాకు ఇష్టం లేదు. ముప్పయ్యేళ్ళు తోడున్న మనిషి మీద చేయెత్తడానికి ఏ కోర్టు కేసూ సాకు కాదు. 1954 జనవరి 31 రాత్రి ఆయన ఒంటరిగా తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆయనకు 63 ఏళ్ళు.

కేసులను కొనసాగించింది మేరియనే. 1954 చివరలోనే ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీకి వచ్చింది. మిగతా కంపెనీల మీద ఒక్కొక్కటిగా పోరాడి గెలిచారు. చివరిది మోటరోలా మీద వేసిన కేసు. అది 1967లో ఆమెకు అనుకూలంగా ముగిసింది. అప్పటికి అమెరికాలో పోలీసులు, అగ్నిమాపక దళాలు, అంబులెన్సులు ఎఫ్.ఎం. సెట్ల మీదే మాట్లాడుకుంటున్నాయి.

ఆల్పైన్ టవరు ఆయన తర్వాత కూడా నిలిచింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లోని వాణిజ్య కేంద్రం కూలినప్పుడు దాని పైనున్న టీవీ యాంటెన్నాలు కూడా పోయాయి. నగరంలోని కొన్ని టీవీ స్టేషన్లు కొంతకాలం ఆర్మ్‌స్ట్రాంగ్ కట్టించిన ఆ టవరు మీద నుంచే ప్రసారాలు చేశాయి.