శ్రీ సర్దారు వల్లభభాయి పటేలు – బార్డోలి భూములు

వ్యవసాయము జీవనాధారముగాగల కుటుంబములలో తండ్రి గతించిన పిదప కుమారులకు దక్కునది చేను. ఆ చేనికి విలువకట్టు టెట్లు? కొనదలచిన ధనికుడు చెప్పు వెలను బట్టియా, లేక దున్నువానికి మిగులు ఫలమును బట్టియా? 2024లో బ్రిటిషు ప్రభుత్వము వారసత్వముగా వచ్చిన వ్యవసాయ క్షేత్రములకు చిరకాలముగా నున్న పన్ను మినహాయింపును తగ్గింపబూనగా, అచటి కర్షకులు ట్రాక్టరులతో లండను వీథులకు వచ్చి లేవదీసిన వాద మిదియే. మన దేశమునను 1953 మొదలు 1985 వరకు మృతుల యాస్తిపై ఎస్టేటు డ్యూటీ యను పన్ను అమలునం దుండెను. వీనియన్నిటికిని ముందు, 1928లో, భూమిశిస్తు విషయమున నీ ప్రశ్ననే పట్టుకొని పోరాడి గెలిచినవారు శ్రీ వల్లభభాయి పటేలు. సంస్థానముల విలీనమున వారు చేసిన మహాకార్యమును, 1948లో హైదరాబాదు విషయమున వారు చూపిన దార్ఢ్యమును మన సోదరు లెరుగుదురు. కావున ఆ భాగమును మేము ముట్టక, వారి జీవితమున రైతునకు సంబంధించిన ఘట్టమునే వ్రాయుచున్నాము.

వల్లభభాయి 1875వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన గుజరాతులోని నడియాదునందు జన్మించిరి. స్వగ్రామము కరంసదు. తండ్రి ఝవేరుభాయి పాటీదారు కులమునకు చెందిన సామాన్య కర్షకుడు. పాటీదారులును మనవలె భూమిని నమ్ముకొన్నవారే. ఇంటి పేదరికమువలన చదువు ఆలస్యమై, మెట్రిక్యులేషను పరీక్షలో ఇరువదిరెండవ యేట గాని వా రుత్తీర్ణులు కాలేదు. ప్లీడరీ పరీక్షలో గెలిచి, గోధ్రాలోను బోర్సదులోను వృత్తి సాగించి ధనము కూడబెట్టి, సీమకు పోవుటకు సిద్ధపడిరి. అన్నగారగు విఠలభాయి పేరునకును తమ పేరునకును పొడియక్షరము లొక్కటే యగుటచే, అన్న కోరినంతనే ఆ యవకాశమును వారికి విడిచిరి. తాము 1910లో గాని బయలుదేరలేదు. అంతకు ముందటి యేడే భార్యావియోగము కలిగి యుండెను. 1913లో బారిష్టరై వచ్చి అహమ్మదాబాదులో స్థిరపడిరి.

1918లో ఖేడా జిల్లాలో పంటలు చెడెను. పంట నాలుగణాలకు లోబడినచో శిస్తువసూలు నిలుపవలెనని నిబంధన యుండెను. రైతులు నాలుగణాలకు లోపలనే యనిరి, ఉద్యోగులు కాదనిరి. వల్లభభాయి సీమదుస్తులు విడిచి, ఊరూర తిరిగి, పొలములు చూచి లెక్కలు వ్రాసిరి. మహాత్మునియొద్ద వారు చేసిన తొలిశిష్యరిక మిదియే. 1923లో బోర్సదు తాలూకాలో దోపిడిదొంగల నెపమున అదనపు పోలీసుల ఖర్చునకై ప్రభుత్వము జనులపై తలపన్ను విధింపగా, అదియు వారి కృషివలన మరుసటి యేడు రద్దయ్యెను.

ఇక బార్డోలి. ఇది సూరతు జిల్లాలో 137 గ్రామములుగల తాలూకా. బొంబాయి రాజధానిలో ముప్పదేండ్ల కొకసారి శిస్తును మార్చుట వాడుక. ఆ పనికి నియుక్తుడైన జయకరు అను నుద్యోగి, రైలుమార్గము వచ్చినది, పెంకుటిండ్లు లేచినవి, పాడిగేదెలు పెరిగినవి, భూముల వెల హెచ్చినది అని కారణములు చూపి, 5 లక్షల 14 వేల చిల్లర యుండిన శిస్తును 6 లక్షల 72 వేలకు పెంచవలెనని వ్రాసెను. రైతు ఇంటిపై పెంకు పరచుట కూడ నేరమయ్యెను గాబోలు! పై యధికారియగు ఆండర్సను ఈ కారణములను త్రోసివైచి, కౌలుల లెక్కను మాత్రమే ఆధారముగా గైకొని నూటికి 29 వంతున హెచ్చింపు సూచించెను. తుదకు ప్రభుత్వము 1927లో 22గా నిర్ణయించెను. అనగా రూపాయికి సుమారు మూడున్నర అణాలు.

రైతుల వాదమును మన మిచట శ్రద్ధగా గమనింపవలెను. ఆ తాలూకానుండి యనేకులు దక్షిణాఫ్రికాకు పోయి ధనము గడించి తెచ్చిరి. మేడలు కట్టినది ఆ ధనముతో. భూముల వెల పెంచినదియు ఆ ధనమే. చేను పండించినది కాదు. కౌలునకిచ్చిన భూములు స్వల్పము. తక్కినదంతయు యజమానులే దున్నుకొనుచుండిరి. కొలదిపాటి కౌలుల మొత్తమును చూచి, అమ్మదలపని, కౌలునకీయని కుటుంబపు భూములకెల్ల అదే విలువ కట్టుట న్యాయము కాదని వారి మొర. ఖర్చులుపోగా రైతునకు నిలుచు ఆదాయము నెవరును విచారింపలేదు.

స్థానికులగు కల్యాణజీ, కుంవర్జీ మెహతా సోదరులు మొదలగువారు వల్లభభాయిని నాయకత్వమునకు బిలిచిరి. వారు వెంటనే యొప్పుకొనలేదు. భూములు పోవచ్చునని ముందే హెచ్చరించి, ఆలోచించుకొనుటకు గడువిచ్చి, గవర్నరునకు లేఖ వ్రాసిరి. ఫలము లేకపోగా 1928 ఫిబ్రవరి 12వ తేదీన తీర్మానము జరిగెను. నిష్పాక్షికమైన విచారణసంఘమును నియమింపవలెను, లేదా పాతశిస్తునే పూర్తిచెల్లింపుగా గైకొనవలెను. అంతవరకు ఒక్క పైసయు నీయరాదు. హిందువులు, మహమ్మదీయులు తమతమ దైవముల సాక్షిగా ప్రమాణము చేసిరి. తాలూకాను శిబిరములుగా విభజించి, ఒక్కొక్కదాని నొక్కొక్కరి కప్పగించి, దినదినము పత్రిక ప్రకటించి, వల్లభభాయి గ్రామగ్రామము తిరిగిరి. సర్దారను బిరుదు వారికి ప్రజలవలన సంక్రమించిన దీ పోరాటముననే.

జప్తు లారంభమయ్యెను. పఠానులను దెచ్చి ఉద్యోగులు గేదెలను తోలుకొనిపోజొచ్చిరి. గృహస్థులు పగలెల్ల తలుపులు మూసికొని పసులతోకూడ లోపలనే నివసించిరి. నెలల తరబడి వెలుతురు సోకక గేదెలు తెల్లబారినవని సర్దారు సభలలో పరిహాసమాడి ఏడ్చువారిని నవ్వించెడివారు. చరాస్తితో తీరకపోగా ప్రభుత్వము భూములపై బడెను. వేలకొలది నోటీసులు వెలువడెను. తాతలనాటి పొలములు నామమాత్రపు వెలకు బయటివారికి వేలమయ్యెను. పిత్రార్జితము పోయిన కుటుంబముల దుఃఖమును మేము వర్ణింపజాలము. అయినను లొంగినవారు మిక్కిలి తక్కువ. గ్రామోద్యోగులు పలువురు పదవులు విడిచిరి. శాసనసభ్యులు కొందరు, కన్నయ్యలాల్ మున్షీతోకూడ, రాజీనామా లిచ్చిరి.

ఒక్క విషయము దాచరాదు. ఆ పొలములలో తరతరములుగా పాలేరుతనము చేసిన దుబళావారికి భూమి లేదు. వారి దాస్యమును ఈ విజయము తొలగింపలేదు. పోరాటము భూమిగలవారిది. ఇది మన సంఘీయులును జ్ఞాపకముంచుకొన దగినదని మా యభిప్రాయము.

జూలై నెలాఖరున గవర్నరు పదునాలుగు దినముల గడువుతో తుది హెచ్చరిక చేసెను. హెచ్చించిన మొత్తము ముందు కట్టిన గాని విచారణ లేదని పట్టు. రైతులు కట్టమనిరి. తుదకు మూడవ వ్యక్తి యొకడు ఆ మొత్తమును ఖజానాలో జమకట్టగా చిక్కు విడి, ఆగస్టు 6వ తేదీన రాజీ కుదిరెను. ఈ సందర్భమున సర్దారు విడువని నిబంధన యొక్కటి కలదు. అమ్ముడైన భూములు సైతము యజమానులకు చేరవలెను. చేరెను. పదవులు విడిచిన గ్రామోద్యోగులును తిరిగి నియమింపబడిరి.

విచారణకు బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ అను నిద్దరు దొరలు నియమింపబడిరి. 1922లో గాంధీమహాత్మునికి శిక్ష విధించిన న్యాయాధిపతి యీ బ్రూంఫీల్డే. వారు గ్రామములు తిరిగి, కౌలుల లెక్క నమ్మదగినది కాదని కనుగొని, 22కు మారుగా నూటికి 6.03 మాత్రమే హెచ్చింప దగునని 1929లో తేల్చిరి. దొరల లెక్కలోనే ప్రభుత్వపు లెక్క యోడిపోయెను.

ఆ రోజులలోనే కృష్ణా గోదావరి మండలములలో రూపాయికి మూడణాల శిస్తుపెంపు ప్రతిపాదితము కాగా, మన ఆంధ్రరైతులు సభలు చేసి బార్డోలిని తలచుకొనిరి.

1930 మొదలు జరిగిన సత్యాగ్రహములలో బార్డోలి, ఖేడా రైతులు మరల శిస్తు నిరాకరించి మరల భూములు పోగొట్టుకొనిరి. ఈమారు గాంధీ–ఇర్విన్ ఒడంబడికయు అమ్ముడైన భూములను తేలేకపోయెను. పోయిన భూములు తిరిగి వచ్చునని సర్దారు వారికి మాట యిచ్చి యుండిరి. 1937లో బొంబాయి రాజధానిలో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడిన పిమ్మట, ఆ భూములు పూర్వయజమానులకు తిరిగి చేరునట్లు ఏర్పాటు జరిగెను. 1950 డిసెంబరు 15వ తేదీన సర్దారు బొంబాయిలో దివంగతులగునాటికి ఆ రైతులు తమ చేలను తామే దున్నుకొనుచుండిరి.