డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

పసిబిడ్డలకు నొకసారి వేసిన సూదిమందునే మరల మరల నేల వేయవలెనని తలిదండ్రులు కొందరు సందేహించుట కలదు. ఆ సందేహమును తీర్చుటకు ఈ సంచికలో మన భాషవాడైన ఒక మహనీయుని జీవితమును చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. విద్యార్థిదశలోనే తండ్రి జగన్నాథముగారు గతించిరి. తల్లి వెంకమ్మగారు కష్టముల కోర్చి కుమారుని చదివించిరి. ఆ కుమారుడు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పెను. మూడవమారు మద్రాసులో చదివి ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పి ఇంట మూలను కూర్చుండు మన విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

పిమ్మట వారు మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. ఆ దినములలోనే సోదరులిద్దరు కొలది దినముల తేడాలో సంగ్రహణి వ్యాధికి బలియైరి. ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, సుబ్బారావుగారు ఎం. బి. బి. ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదియగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే పొందగలిగిరి. అయినను నిరాశ చెందక, కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, బంధువుల యొక్కయు దాతల యొక్కయు సహాయముతో 1922లో అమెరికా చేరిరి. బోస్టన్ నగరమున పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపు పనిచేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. అచట ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. కండరములు పనిచేయుటకు శక్తి నొసగు పదార్థములను గూర్చిన పరిశోధనచే వారి పేరు పండితలోకమున వ్యాపించెను.

ఇక వారి జీవితమునకును పసిబిడ్డల సూదిమందునకును గల సంబంధమును చెప్పెదము. డిఫ్తీరియా యను వ్యాధిని మనవారు కంఠసర్పి యందురు. గదవలె ఒక కొన లావుగా నుండు సూక్ష్మక్రిమి దీనికి కారణము. రోగి దగ్గినను తుమ్మినను వెలువడు తుంపరలచే అది ఇతరుల గొంతును చేరును. మొదట గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరము కలుగును. పిమ్మట గొంతులో బూడిదవన్నె పొర యేర్పడును. మెడ వాచును, ఊపిరి సలుపదు. క్రిమి గొంతులోనే యుండును గాని, అది పుట్టించు విషము రక్తమున కలిసి గుండెను, నరములను చెరచును. ఒక విధమగు వైరసు తనలో చేరిన క్రిమియే ఈ విషమును పుట్టింపగలదని 1951లో తెలియవచ్చెను.

ఈ క్రిమిని లోఫ్లరు 1884లో వేరుచేసి పెంచెను. విషము సంగతిని రూ, యెర్సిన్ అను వారు 1888లో నిరూపించిరి. బేరింగు, కిటసాటో అను వారు 1890లో ప్రతివిషమును కనుగొనిరి. రమోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1923లో ఆ విషమునకే ఫార్మలిను కలిపి, వేడి తగిలించి, హాని చేయని టీకామందుగా మార్చెను.

టీకామందు కావలెనన్న విషము కావలెను. విషము కావలెనన్న క్రిమిని పెంచవలెను. క్రిమి పెరుగుట కేమి కావలెను? మాంసపు రసమున అది పెరుగునని యెరుగుదురు గాని, ఆ రసములో ఏ పదార్థము దానికి ప్రాణాధారమో యెరుగరు. హార్వర్డులోనే యున్న మ్యూల్లరు అను ఆచార్యుడు ఈ ప్రశ్నను చేపట్టెను. పశువుల కాలేయమునుండి తీసిన సారమును భాగములుగా విడదీయుటయందు సుబ్బారావుగారు సిద్ధహస్తులు. వారిరువురును కలిసి కంఠసర్పి క్రిమి యాహారమును గూర్చి పరిశోధించి, 1937లో ప్రకటించిరి. కాలేయమున నుండు నికొటినిక్ ఆమ్లము ఈ క్రిమికి అవసరమని ఆ కాలపు పరిశోధనలలోనే తేలెను. చిత్రమేమన, మనుష్యులకు వచ్చు పెల్లాగ్రా వ్యాధిని మాన్పు విటమినును అదియే. ఇట్టి పరిశోధనల ఫలముగా మ్యూల్లరు పండితుడు టీకాకు వలసిన విషమును తెలిసిన పదార్థములతో, నమ్మదగిన రీతిని, అధికముగా తయారుచేయు మార్గమును 1941నాటికి చూపగలిగెను. శత్రువు ఏమి తినునో తెలిసికొనుటయు నొక విజయమేకదా!

1940లో సుబ్బారావుగారు లెడర్లీ యను మందుల సంస్థలో చేరి, అచట పరిశోధనలకు అధిపతియైరి. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, ఆరియోమైసిన్ అను క్రిమినాశిని, పసిపిల్లల రక్తపు క్యాన్సరును తొలిసారిగా కొంతకాలము అణచిన అమినోప్టెరిన్ వారి యాజమాన్యముననే వెలువడెను. భార్య శేషగిరిగారిని విడిచి వెళ్లిన ఆయన మరల స్వదేశమునకు రాలేకపోయిరి. అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, నిద్రలోనే కన్నుమూసిరి. 1953లో ఒక బూజుజాతికి వారి పేరు పెట్టబడెను. 1995లో మన తపాలాశాఖ వారి బిళ్లను వెలువరించెను.

పావగడ తాలూకాలో ఇంట తెలుగును, కచేరీలో కన్నడమును వినుచు పెరుగు మన పిల్లలు పరభాష నడుమ తమకు చోటు దొరకునా యని కలతపడనవసరము లేదు. సుబ్బారావుగారికి అట్టి చోటు పరదేశమున దొరకెను. పట్టుదలయే దానికి మూలము.

తలిదండ్రులకు మా విన్నపము వేరొకటి కలదు. కంఠసర్పి ఇంకను మన దేశమును వీడలేదు. ఒకసారి వేసిన టీకా బలము కాలక్రమమున తగ్గును. కావుననే 6, 10, 14 వారములలోను, 16 మొదలు 24 నెలల నడుమను, 5 లేక 6 ఏండ్లకును, పిమ్మట 10, 16 ఏండ్లకును టీకాను ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్నది. చేయి ఒకదినము నొచ్చునని ఏ విడతయు మాన్పరాదు. బిడ్డ గొంతులో పొర కనిపించినచో ఇంటివైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. నరములను, గుండెను ఒకమారు పట్టిన విషమును ప్రతివిషము విడిపింపజాలదు; అది పట్టకమునుపే మందు పడవలెను.

పేదయింటి బాలుడొకడు రెండుమార్లు పరీక్ష తప్పియు చదువు విడువలేదు. పలువురు శాస్త్రజ్ఞుల శ్రమతో పాటు అతని శ్రమయు ఆ చిన్న సూదిమందు వెనుక కొంత కలదు. దానిని మన బిడ్డలకు సకాలమున అందించుటయే వారి ఋణము తీర్చుకొను మార్గము.