దోమ గుడ్డును పరికించిన వైద్యుడు – సర్ రోనాల్డ్ రాస్

ఓరుగల్లు సీమ చెరువులకు ప్రసిద్ధి గాంచినది. మా నర్సంపేటకు చేరువలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో నిర్మితమైన పాకాల చెరువు నేటికీ పొలాలకు నీరందిస్తున్నది. వర్షాకాలంలో ఆ గట్టు వెంట ప్రకృతి పరిశీలనకు వెళ్ళే విద్యార్థులకు, నిలిచిన నీటిమీద తేలే నల్లని నలుసులు కనిపిస్తాయి. అవి ఏ కీటకపు గుడ్లన్న సందేహం వారికి కలగడం సహజం. ఇది అల్పమైన ప్రశ్నగా తోచవచ్చును. కాని ఇటువంటి అల్ప విషయాన్నే శ్రద్ధగా పరికించి, మానవజాతిని యుగయుగాలుగా పీడించిన చలిజ్వరపు మర్మాన్ని మన తెలుగు గడ్డమీదనే ఛేదించిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే సర్ రోనాల్డ్ రాస్. వారి జీవితాన్ని సంగ్రహంగా వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో ఉన్నతాధికారి. బాలునికి కవిత్వం, చిత్రలేఖనం, సంగీతంపై మక్కువ. తండ్రికి మాత్రం కుమారుడు వైద్యుడు కావాలన్న పట్టుదల. తండ్రి మాటే నెగ్గింది. లండన్‌లో వైద్యవిద్య ముగించుకొని, 1881లో రాస్ భారత వైద్య సర్వీసులో చేరారు. తొలి సంవత్సరాలలో ఆయన మనస్సు కావ్యరచనపైన, గణితంపైన ఉండేది. అయినను 1883లో బెంగుళూరులో ఉన్నపుడు, నీటి పాత్రలను ఒలకబోస్తే దోమలు తగ్గుతాయన్న సంగతి ఆయన దృష్టికి వచ్చింది.

మలేరియా జ్వరానికి కారణమైన పరాన్నజీవిని 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో కనుగొన్నాడు. అది మనిషి నుండి మనిషికి ఎట్లా చేరుతున్నదో ఎవరికీ బోధపడలేదు. దోమకు ఇందులో పాత్ర ఉండవచ్చునని పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. 1894లో లండన్‌లో మాన్సన్‌ను కలుసుకొన్న రాస్, మరుసటి సంవత్సరం సికిందరాబాదులోని పటాలానికి వైద్యుడుగా వచ్చి పరిశోధన ఆరంభించారు.

రెండేళ్ళ శ్రమకు ఫలితం దక్కలేదు. ఆయన పరీక్షించినవి ముఖ్యంగా రెండు రకాల దోమలు: బూడిదరంగువి, చారలు గలవి. వాటి జీర్ణాశయంలో మానవ మలేరియా క్రిమి పెరగదు. మనకు దోమలన్నీ ఒక్కటే. కాని రోగక్రిమికి అవన్నీ ఒక్కటి కావు. ఆనాడు భారతదేశపు దోమలను వర్గీకరించి చెప్పే గ్రంథమేదీ రాస్ చేతిలో లేదు. రెక్కల మచ్చలను, శరీరపు రంగును బట్టి ఆయన తానే వాటికి గుర్తులు కల్పించుకోవలసి వచ్చింది.

1897 ఏప్రిల్‌లో నీలగిరులకు వెళ్ళినపుడు రాస్ స్వయంగా మలేరియా పాలయ్యారు. అక్కడ ఒక కొత్తరకం దోమ ఆయన కంటబడింది. జూన్‌లో సికిందరాబాదుకు తిరిగివచ్చి బేగంపేటలో మళ్ళీ పనికి పూనుకొన్నారు. ఆగస్టు నడుమ, సేకరించిన డింభకాల నుండి మచ్చల రెక్కల దోమలు వెలువడినవి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలం తీసుకొని, ఆగస్టు 16న తన రక్తాన్ని వాటికి పట్టించాడు. గాలికి దోమలు చెదిరిపోతాయని పంకా సైతం ఆపివేసి, చెమటకు తుప్పుపట్టిన మరలతో, పగిలిన కటకంతో ఉన్న సూక్ష్మదర్శినిలో రాస్ వాటిని కోసి చూశారు. ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు మరొక దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. క్రిమి దోమలో పెరుగుతున్నదని తేలిపోయింది. ఆ ఆనందంలో రాస్ పద్యం కూడా రచించారు. నేటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

అదే సంవత్సరం డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ విషయం వెలువడింది. ఆ వ్యాసంలో మమ్ము ఎక్కువగా ఆకర్షించిన విషయం మరొకటి. ఆ దోమకు శాస్త్రీయ నామమేదో రాస్‌కు తెలియదు. అందుచేత దాని రెక్కలతో పాటు గుడ్లను సైతం వర్ణించారు. అవి రెండు కొనలు పైకి లేచి, తెడ్ల వరుసలవంటి గీతలతో, పురాతన కాలపు నావలను పోలి ఉన్నవని తెలిపారు. పేరు తెలియని కీటకాన్ని దాని గుడ్డు ఆనవాలుతో లోకానికి ఎరుకపరచడమన్న మాట! ఆ దోమ అనాఫిలిస్ జాతిది.

అనంతరం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు, పరిశోధన కుంటుపడింది. 1898లో కలకత్తా చేరి, మహమ్మద్ బక్స్ వంటి సహాయకుల తోడ్పాటుతో పక్షుల మలేరియాను పరిశీలించారు. క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో ఇతర జీవికి సోకుతుందని జూలైలో నిరూపించారు. మానవ మలేరియాకు అనాఫిలిస్ దోమే వాహకమని అదే సంవత్సరం ఇటలీలో గ్రాస్సీ బృందం స్థిరపరచింది. ఈ ఘనత ఎవరిదన్న వివాదం రాస్‌ను చిరకాలం బాధించింది. 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో ఆయన కన్నుమూశారు.

గుడ్ల భేదం నేటికీ ఉపయుక్తమైన జ్ఞానమే. అనాఫిలిస్ గుడ్లు ఒక్కొక్కటిగా, ఇరుప్రక్కల గాలితిత్తులవంటి తేలుడు భాగాలతో నీటిమీద తేలుతాయి. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ గుడ్లు వందలుగా అతుక్కొని చిన్న తెప్పవలె కనిపిస్తాయి. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ గుడ్లు తొట్టి గోడలకు నీటి అంచున అంటుకొని, తడి ఆరినా నెలల తరబడి జీవించగలవు. కావున తొట్టిలోని నీటిని పారబోయడమే చాలదు. గోడలను రుద్ది కడగాలి. గుడ్డు ఏదో తెలిస్తే రోగమేదో, నివారణ ఎక్కడ ఆరంభించాలో తెలుస్తుంది. 2023లోనూ ప్రపంచంలో మలేరియా సుమారు 6 లక్షల ప్రాణాలను బలిగొన్నది. వారిలో అధికులు పసిపిల్లలు.

దివ్య ఖురాన్ రెండవ అధ్యాయంలో దోమ ఉపమానంగా ప్రస్తావించబడింది. సృష్టిలో దృష్టికి అనర్హమైన వస్తువేదీ లేదని దాని నుండి మేము గ్రహించే పాఠం. రాస్ జీవితం చెప్పేదీ అదే. ఆయనకు బిరుదులు, బహుమతులు దక్కినవి. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఆయన పేరనే నిలిచి ఉన్నది. కొన్ని అణాలకు తన రక్తాన్నిచ్చిన హుస్సేన్ ఖాన్ పేర మాత్రం ఏ కట్టడమూ మేమెరుగం. విజ్ఞానసౌధానికి అటువంటివారు కూడా పునాదిరాళ్ళే. విద్యార్థులు నీటి గుంట చెంత తమకు తెలియని గుడ్డును చూచినపుడు, పేరు కొరకు తొందరపడక, ముందుగా దాని ఆకారాన్ని, అది ఉన్న చోటును, అది పొదిగే కాలాన్ని వ్రాసి ఉంచుకోవాలని మా ఆకాంక్ష. పేరు పిదప తెలియవచ్చును. శ్రద్ధగా చూచినవారికే అది తెలుస్తుంది.