థామస్ గ్రాహము

పాలను నీటినుండి వేఱుచేయు నేర్పు హంసకు గలదని మన పెద్దలు చెప్పుదురు. కలిసిపోయిన పదార్థములను పలుచని పొరతో వేఱుచేయవచ్చునని ప్రయోగపూర్వకముగ నిరూపించిన రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహము.

ఇతడు 1805లో స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. మన సిరిసిల్లవలెనే నాటి గ్లాస్గోయు నేతపనికి పేరొందినది. తండ్రి వస్త్రములు నేయించి విక్రయించు సంపన్నుడు. కుమారుడు క్రైస్తవ మతాచార్యుడు కావలెనని ఆయన కోరిక. కాని పదునాలుగవయేట విశ్వవిద్యాలయమున చేరిన బాలుని మనస్సు రసాయనశాస్త్రముపై లగ్నమయ్యెను. తండ్రి ఆగ్రహించి ధనసహాయము మానివేసెను. గ్రాహము వెనుదీయక, పాఠములు చెప్పుచు, వ్యాసములు వ్రాయుచు పొట్ట పోసికొనెను. అండగా నిలిచిన తల్లికి, సోదరికి తన తొలి సంపాదనతో కానుకలు కొని యిచ్చెను.

1830లో అతడు గ్లాస్గోలోని ఆండర్సన్ విద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆఫ్రికా యాత్రికుడుగ ప్రసిద్ధి కెక్కిన లివింగ్‌స్టన్ అచట అతని పాఠములు వినెను. తేలికవాయువులు బరువైన వాయువులకంటె వేగముగ వ్యాపించునని తెలిపి, ఆ వేగమును లెక్కించు సూత్రమును గ్రాహము కనుగొనెను. 1837లో లండను చేరి యూనివర్సిటీ కాలేజీలో బోధించెను. 1855లో ప్రభుత్వ టంకశాల కధిపతి యయ్యును ప్రయోగములను విడువలేదు.

ఒక వలయమునకు పార్చ్‌మెంటు కాగితమును బిగించి, అందు మిశ్రమద్రవమును పోసి, దానిని నీటిపై నుంచెను. ఉప్పు, చక్కెర వంటివి పొరను దాటి నీటిలోనికి పోయెను. జిగురు వంటివి లోపలనే నిలిచెను. 1861లో ప్రకటించిన ఈ పద్ధతికి డయాలిసిస్ అని పేరిడెను. నేడు మూత్రపిండములు చెడినవారి రక్తమును శుద్ధిచేయు యంత్రములకు మూలమిదియే.

1866లో అతడు గాలిని సన్నని రబ్బరుపొరగుండ పంపెను. గాలిలో నూటికి 21 పాళ్ళుండు ప్రాణవాయువు ఆవలివైపున 41 పాళ్ళకు మించెను. రంధ్రములులేని పొరను వాయువు లెట్లు దాటినవి? అవి ముందుగా పొరలో కరగి, పిదప దానిలో వ్యాపించి, ఆవల వెలువడునని అతడు వివరించెను. ఏది ఎక్కువగ కరగి, వేగముగ సాగునో అదియే ఎక్కువగ దాటును.

ఈ భావము ఎంత ఫలవంతమో చూడుడు. మద్యసారమును నీటినుండి మరిగించి వేఱుచేయుచో, నూటికి 95 పాళ్ళు దాటిన పిదప రెండును కలిసియే ఆవిరియగును. మరిగించుట ఇక పనికిరాదు. నీటిని చక్కగ గ్రహించు పాలిమరుపొరను అడ్డుపెట్టినచో నీరు అందు కరగి ఆవలకు ఆవిరియై పోవును, మద్యసారము నిలిచిపోవును. ఇంధనము ఆదా యగును. హైదరాబాదులో 1944లో వెలసిన పరిశోధనాలయమే నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ. అందును ఇట్టి పొరలపై పరిశోధనలు జరిగినవి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో త్రాగునీటిని శుద్ధిచేయు యంత్రములందును ఈ జాతి పొరయే కలదు.

గ్రాహము 1869 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. ఈ ప్రయోజనములను అతడు కన్నులార చూడలేదు. బాలలారా! తండ్రి సంపదకంటె సత్యాన్వేషణమే మేలని యెంచిన ఒక యువకుని పట్టుదల, దేశకాలముల నతిక్రమించి మన గ్రామముల బిందెలను మంచినీటితో నింపుచున్నది.