జంషెడ్జీ టాటా - నమ్మకంతో నాయకత్వం

జంషెడ్జీ టాటా 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారిలో జన్మించారు. 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ బట్టల మిల్లు ప్రారంభించారు. రైల్వేలో పనిచేసిన బెజోంజీ దాదాభాయ్‌కి మిల్లు అనుభవం లేకపోయినా, ఆయన సమర్థత చూసి నిర్వహణ అప్పగించారు.

కార్మికులు తరచూ పనికి రాకపోవడం అక్కడ పెద్ద సమస్యగా ఉండేది. జంషెడ్జీ శిక్షలను నమ్ముకోలేదు. మిల్లులో మంచి గాలి ఆడే ఏర్పాట్లు చేయించారు. బాగా పనిచేసినవారికి బహుమతులిచ్చారు. 1886లో పింఛను నిధి పెట్టారు. కొత్తరకం రింగ్ స్పిండిళ్లు తెప్పించి నూలు ఉత్పత్తి పెంచారు. మిల్లు మంచి లాభాలు గడించింది.

ఆయన 1904 మే 19న జర్మనీలో కన్నుమూశారు.

మిత్రులారా! రేపు మనలో ఎవరు పదిమందికి పెద్దగా నిలిచినా, భయపెట్టి చేయించిన పనికన్నా బాగోగులు చూసి చేయించిన పనే నిలుస్తుందని మరువకూడదు.